సుడుల లెక్క తేల్చిన వాన్ కార్మన్

థర్మల్ విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో వరుసలుగా పేర్చిన గొట్టాల మధ్య నుంచి వేడి వాయువులు పోతుంటాయి. ఒక్కోసారి ఆ గొట్టాలున్న పెద్ద పెట్టె చెవులు చిల్లులు పడేలా హోరెత్తుతుంది. ఆ హోరు గుట్టు తెలియాలంటే థియొడోర్ వాన్ కార్మన్ గారి జీవితం చదవాలి.

ఆయన 1881 మే 11న హంగేరీలోని బుడాపెస్ట్‌లో జన్మించారు. తండ్రి విద్యావేత్త. చిన్ననాడే పెద్ద పెద్ద సంఖ్యలను నోటితో గుణించే కొడుకు నలుగురికీ వింత కాకూడదని, తండ్రి కొన్నేళ్లు లెక్కలు మాన్పించి చరిత్ర, భూగోళం, సాహిత్యం చదివించారు. కార్మన్ 1902లో ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1906లో జర్మనీలోని గోటింగెన్‌కు వెళ్లి, ప్రాండ్టల్ గారి వద్ద 1908లో డాక్టరేట్ పొందారు.

అక్కడే హీమెంజ్ అనే విద్యార్థి నీటి కాలువలో గుండ్రని కడ్డీ నిలిపి ప్రయోగం చేస్తున్నాడు. ప్రవాహం నిలకడగా ఉండాల్సింది పోయి అటూ ఇటూ ఊగుతోంది. కడ్డీ సరిగా గుండ్రంగా లేదన్నారు, నునుపు చేశాడు. కాలువ వంకర అన్నారు, సరిచేశాడు. అయినా ఊపు ఆగలేదు. రోజూ ఇది గమనించిన కార్మన్, తప్పు కుర్రవాడి పనితనంలో లేదేమో, ఊగడమే ప్రకృతి ధర్మమేమో అని ఆలోచించి లెక్క కట్టారు. కడ్డీకి ఇరువైపులా సుడులు ఒకదాని తర్వాత ఒకటిగా విడివడితేనే ఆ వరుసలు నిలుస్తాయని 1911లో తేల్చారు. ఆ సుడులను అంతకుముందే ఇతరులు చూశారు. అవి అలాగే ఎందుకు నిలుస్తాయో చెప్పింది మాత్రం కార్మన్ గారే.

బాయిలర్‌లోనూ ఇదే కథ. 25 మిల్లీమీటర్ల ఒంటి గొట్టంపై సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే సెకనుకు సుమారు 80 జతల సుడులు పుడతాయి. 2 మీటర్ల వెడల్పు పెట్టెలోని మామూలు గాలి కూడా అడ్డంగా సెకనుకు సుమారు 85 సార్లు ఊగగలదు. గాలి వేగం కాస్త పెరిగి ఈ రెండూ కలిశాయా, ఊయలను సమయానికి తోసినట్లు శబ్దం పెరిగిపోతుంది. గొట్టాల వరుసల్లో, వేడి వాయువుల్లో అంకెలు మారతాయి, సూత్రం మారదు. పెట్టె మధ్యలో ప్రవాహం వెంబడి ఒక రేకు నిలిపితే వెడల్పు సగమై, ఊపు రెట్టింపై, జత తప్పుతుంది. హోరు ఆగుతుంది.

కార్మన్ 1930లో అమెరికాలో స్థిరపడ్డారు. 1963లో అక్కడి తొలి జాతీయ విజ్ఞాన పతకం అందుకుని, అదే ఏడాది మే 6న కన్నుమూశారు.

సోదరులారా! ప్రయోగశాలలో రీడింగు పుస్తకంతో కలవనప్పుడు దాన్ని వెంటనే కొట్టివేయవద్దు. మరోసారి, ఇంకోసారి చేసి చూద్దాం. అప్పటికీ అదే వస్తే, అది మన చేతకానితనం కాకపోవచ్చు, ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు కావచ్చు.