బోమార్షే: ఋణము తీరని ఆయుధవర్తకుడు

యుద్ధము వచ్చినప్పుడు ప్రభుత్వము తానై వర్తకుని వాకిటికి వచ్చును. యుద్ధము గడచిన పిదప వర్తకుడు ప్రభుత్వద్వారమున కాచుకొని యుండవలెను. ఈ యవస్థను రెండు విప్లవములలో ననుభవించినవాడు ఫ్రెంచి నాటకకర్త బోమార్షే.

ఆయన 1732 జనవరి 24వ తేదీన పారిసు నగరమున నొక గడియారముల పనివాని యింట జన్మించెను. 1753లో గడియారపు నడకను క్రమపరచు నొక నూతన సాధనమును కనిపెట్టెను. రాజాస్థానపు గడియారకారుడు లెపోత్ దానిని తనదిగా ప్రకటించుకొనగా, ఈ యువకుడు విజ్ఞానపరిషత్తు నాశ్రయించి, 1754లో తీర్పును తన పక్షమున పొందెను. పత్రములు సరిగా నున్నచో న్యాయము దొరకునను విశ్వాసము ఆయనలో నాడే నాటుకొనెను.

1775లో "సెవిల్లి క్షురకుడు", 1784లో "ఫిగారో వివాహము" అను నాటకములు ప్రదర్శింపబడి, ఆయనకు యూరపు ఖండమంతటను కీర్తి తెచ్చెను. ఆ నడుమనే ఆయన ఆయుధవర్తకుడుగా మారెను. 1776లో ఫ్రెంచి ప్రభుత్వము పది లక్షల లీవ్రులను, స్పెయిను మరి పది లక్షలను రహస్యముగా నొసగగా, హోర్తలే కంపెనీ యను మారుపేరుతో ఆయన అమెరికా తిరుగుబాటుదారులకు ఫిరంగులు, తుపాకులు, మందుగుండు, దుస్తులు పంపెను. 1777లో సరటోగా యుద్ధమున విజయము పొందిన సేనలకు ఆ సామగ్రి యక్కరకు వచ్చెను. బదులుగా పొగాకు మున్నగు సరకులు రావలసి యుండెను. అవి సరిగా రాలేదు. ఆ సామగ్రి ఫ్రెంచి రాజు దానమేయని పారిసులోని అమెరికా ప్రతినిధి ఆర్థర్ లీ తెలుపగా, కాంగ్రెసు సొమ్ము చెల్లింప వెనుదీసెను. 1793లో హామిల్టను లెక్కలు చూచి, 22,80,000 ఫ్రాంకులు బాకీ కలదని తేల్చినను ఫలము లేకపోయెను.

ఇంతలో స్వదేశమున విప్లవము చెలరేగెను. 1792 ఏప్రిలులో ఫ్రాన్సు ఆస్ట్రియాపై యుద్ధము ప్రకటించెను. సేనలకు తుపాకులు చాలవు. అరువదేండ్ల బోమార్షే హాలండులో నిలువయున్న 60,000 తుపాకులను తెప్పింతునని యుద్ధమంత్రితో ఒప్పందము చేసికొనెను. ప్రభుత్వమిచ్చిన 5,00,000 కాగితపు సొమ్మునకు, 7,45,000 లీవ్రుల విలువగల తన పత్రములను హామీగా నుంచెను. కాని డచ్చి ప్రభుత్వము ఎగుమతికి అడ్డుపడెను. పారిసులోనా, ఆ యొక్క యేడే యుద్ధమంత్రి పదవి అరడజను చేతులు మారెను. ఒక మంత్రి విన్న మొరను మరియొకనికి మొదటినుండి వినిపింపవలసి వచ్చెను.

తుపాకులను తన యింటనే దాచెనని చట్టసభలో షాబో నింద మోపెను. ఆగస్టులో జనసమూహము ఇల్లు సోదా చేసి, తుపాకియొక్కటియు కానక మరలెను. అయినను ఆయన చెరసాల పాలయ్యెను. సెప్టెంబరు హత్యాకాండకు కొలదిదినములు ముందుగా విడుదలయగుటచే ప్రాణము దక్కెను. నవంబరులో కన్వెన్షను సభలో లెకోయింత్రు మరల నేరారోపణ చేసెను. బోమార్షే లెక్కలన్నియు ముద్రించి, 1793లో స్వయముగా పారిసు వచ్చి నిలిచెను. ప్రభుత్వమాయనను తుపాకుల కొరకే విదేశమునకు పంపి, పిమ్మట దేశము విడిచిపోయినవాడని ఆయన పేరును పట్టికలో చేర్చెను. ఆస్తి జప్తు చేసెను. భార్యను, కుమార్తెను చెరలో నుంచెను. ఆయన హాంబర్గులో దారిద్ర్యము ననుభవించెను. ఆ తుపాకులు తుదకు ఆంగ్లేయుల వశమయ్యెను.

1796లో స్వదేశము చేరి, లెక్కల కొరకు పోరాడుచునే 1799 మే 18న మరణించెను. 1835లో అమెరికా ఆయన వారసులకు 8,00,000 ఫ్రాంకులిచ్చి బాకీ ముగించెను.

ఆయన లాభాపేక్ష లేని త్యాగి కాడు. సేనలకు నాసి బూట్లనమ్మిన గుత్తదారులు మెండుగానున్న కాలమది. అనుమానము అకారణము కాదు. కాని అనుమానమునకు మందు లెక్కల తనిఖీయే గాని సభలో కేక కాదు. పత్రములను విప్పి చూడని తొందరపాటువలన బోమార్షే సొమ్ము పోయెను. ఫ్రాన్సు తుపాకులు పోయెను. రెండవ నష్టమే పెద్దది. తుపాకులు లేక సరిహద్దున నిలిచిన సైనికునికి ఆ ఉపన్యాసముల వలన ఒరిగినదేమియు లేదు.