కిప్లింగు బాల్యదుఃఖము

ఆంగ్ల సామ్రాజ్యమును వేనోళ్ళ గొనియాడిన కవి రడ్యార్డు కిప్లింగు. జలియన్‌వాలాబాగు హత్యాకాండకు గారకుడైన డయ్యరు కొఱకు 1920లో నిధి కూర్చబడినపుడు చందా నొసంగినవారిలో నాతడు నొకడు. అట్టివానియందు మన పాఠకులకు జాలి గలుగుట కష్టము. అయినను వాని బాల్యమున జరిగిన యొక సంగతి బిడ్డలు గల ప్రతి గృహస్థుడును దెలిసికొనదగినది గావున దాని నిచ్చట వ్రాయుచున్నాము.

కిప్లింగు 1865 డిసెంబరు 30వ తేదీన బొంబాయిలో జన్మించెను. తండ్రి లాక్‌వుడ్ అచ్చటి జె. జె. కళాశాలలో శిల్పము నేర్పుచుండెను. పసివాని లోకమంతయు గోవా క్రైస్తవురాలగు ఆయా, మీటా యను హిందూ సేవకుడు. వారి పాటలును గథలును వినుచు నిద్రించెను. కలలు గనినదియు వారి భాషలోనే. తల్లిదండ్రుల సమక్షమునకు బోవునపుడు మాత్ర మింగ్లీషులో మాటాడవలెనని వారు హెచ్చరించి పంపెడివారు.

హిందూదేశమున నుద్యోగించు నాంగ్లేయులు తమ బిడ్డలను బసితనముననే స్వదేశమునకు బంపుట ఆనాటి యాచారము. ఇచ్చటి జ్వరముల భయ మొక కారణము. సేవకుల భాషయు నడవడియు బిడ్డలకు నంటుకొనునను భయము మఱియొకటి. ఆ యాచారము ననుసరించి 1871లో నైదేండ్లు నిండిన కిప్లింగును, మూడేండ్ల చెల్లెలు ట్రిక్సును తల్లిదండ్రు లింగ్లండునకు గొనిపోయి, సౌత్‌సీ పట్టణమున, పత్రికా ప్రకటనవలన దెలియవచ్చిన హాలోవే దంపతుల యింట సొమ్మిచ్చి విడిచిరి. తాము వెడలిపోవుచున్న సంగతి బిడ్డలకు జెప్పలేదు. వారి యేడ్పు చూడజాలక యట్లు చేసిరి కాబోలు. కాని బిడ్డలకు నిన్న నుండిన యమ్మ నేడు లేదు. ఆయా యంతకుమున్నే లేదు. కారణము చెప్పువారును లేరు.

గృహయజమాని కొంత దయగలవాడు. అతడు 1874లో మరణించెను. అతని భార్య చెల్లెలిని లాలించుచు నన్నను దండించుచుండెను. నరకాగ్ని పేర భయపెట్టెను. చదువుట వానికి సుఖమని కనిపెట్టి పుస్తకములు లాగికొనెను. చాలని వెలుతురున దొంగచాటుగా జదివి బాలుని చూపు చెడెను. ఒకప్పుడు అబద్ధీకుడని వ్రాసిన యట్టను వీపున దగిలించి బడికి బంపిరి.

ఇందు మిక్కిలి విచారింపదగిన దొకటి గలదు. ఏటేట క్రిస్మసునాటికి బాలుడు లండనులోని పినతల్లి యింటికి బోయి యొక నెల సుఖముగా నుండెడివాడు. ఆమె ప్రేమగలది. అయినను సౌత్‌సీ కష్టము లామెకు నొక్కమాటయు జెప్పలేదు. తమకు జరుగునదే లోకమర్యాద యని పసివారు నమ్ముదురనియు, బయట పెట్టినచో శిక్ష యెక్కువగునని వెఱతురనియు నాతడు వృద్ధాప్యమున రచించిన స్వీయచరిత్రలో వివరించెను. 1877లో దల్లి వచ్చెను. రాత్రి ముద్దిడుటకై యామె పడకపై వంగగా, దెబ్బ పడునని బాలుడు చేయి యడ్డము పెట్టెను. అప్పటికి గాని తల్లికి సంగతి తెలియలేదు.

పదునాఱేండ్ల ప్రాయమున, 1882లో బొంబాయి రేవున దిగినపుడు, అర్థము తనకే స్ఫురింపని దేశభాషావాక్యము లాతని నోట వెలువడినవి. తోడేళ్ళు పెంచిన మౌగ్లీని, లాహోరు వీధులలో దిరుగు ననాథ కిమ్మును సృష్టించెను. ఇరువురును దల్లిదండ్రులు లేక యితరుల యాదరమున బెరిగినవారే. 1907లో నోబెలు బహుమానము బడసి, 1936 జనవరి 18వ తేదీన మరణించెను.

బాల్యదుఃఖమే యాతనిని సామ్రాజ్యవాదిని జేసెనని మేము చెప్పము. డయ్యరును బలపఱచిన దోషము దానివలన మాయదు. ఎడబాటు పొందిన బిడ్డలందఱు నొకే తీరున బెరుగరు. ప్రపంచారోగ్య సంస్థ కొఱకు జాన్ బౌల్బీ సిద్ధపఱచి 1951లో వెలువరించిన నివేదిక పసిబిడ్డకు మాఱని యాప్తుల ప్రేమ యన్నమువలె నవసరమని చాటినది. ఆ యాప్తులు కన్నవారే కానక్కఱలేదు. ఎడబాటు తప్పనపుడు ముందుగా జెప్పుటయు, తఱచు వచ్చి చూచుటయు గాయమును దగ్గించును.

మన తెలుగువారు నేడు ర్యాంకుల కొఱకు జిన్నవారిని హాస్టళ్ళకు బంపుచున్నారు. విదేశములలో నుద్యోగించువారు కొందఱు పసికందులను స్వదేశమున నమ్మమ్మల యొద్ద విడుచుచున్నారు. అమ్మమ్మ యొడి సౌత్‌సీ యిల్లు గాదు. కాని కొన్నేండ్లకు బిడ్డను మరల గొనిపోవునపుడు తల్లి యెడబాటు తీఱి యమ్మమ్మ యెడబాటు మొదలగునని యెఱుగవలెను. ఆయాను గోల్పోయిన దుఃఖమును గిప్లింగు తల్లిదండ్రులు లెక్కింపలేదు. హాస్టలులోని బిడ్డ ఫోనులో బాగున్నాననిన జాలదు. వెళ్ళి ప్రక్కన గూర్చుండి చూడవలెను. పసివాని మౌనము వాని సౌఖ్యమునకు సాక్ష్యము గాదు.