గాలాపాగోస్ దీవులలో డార్విన్

ఇంగ్లండు దేశమున ష్రూస్‌బరీ అను పట్టణము కలదు. అందు 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఛార్లెస్ డార్విన్ జన్మించెను. తండ్రి పేరుగాంచిన వైద్యుడు. కుమారుడును వైద్యుడు కావలెనని అతనిని ఎడింబరో నగరమునకు పంపెను. ఆ దినములలో మత్తుమందులు లేవు. రోగి ఆర్తనాదము చేయుచుండగనే శస్త్రచికిత్స జరిగెడిది. దానిని చూడజాలక డార్విన్ వెలుపలికి పరుగెత్తెను. పిదప మతాచార్యుడగుటకై కేంబ్రిడ్జిలో చేరెను గాని, అచ్చట గ్రంథములకంటె పెంకుపురుగులను సేకరించుటయందే అతనికి మక్కువ హెచ్చు.

దక్షిణ అమెరికా తీరముల పటములు వ్రాయుటకై బీగిల్ అను ఓడ బయలుదేరుచుండెను. డార్విన్ దానిలో పోగోరెను. తండ్రి వలదనెను. మేనమామ నచ్చజెప్పి ఒప్పించెను. 1831 డిసెంబరు 27వ తేదీన ఓడ కదలినప్పుడు డార్విన్ వయస్సు ఇరువదిరెండు.

ఓడ 1835 సెప్టెంబరులో గాలాపాగోస్ దీవులను చేరెను. ఇవి పసిఫిక్ మహాసముద్రములో, ఈక్వెడార్ తీరమునకు పడమట సుమారు వేయి కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖకు ఇరుప్రక్కల నున్నవి. సముద్రగర్భమునుండి వెలువడిన అగ్నిపర్వతములే ఈ దీవులైనవి. 1535లో పనామా బిషప్పు ప్రయాణించుచున్న ఓడ గాలిలేక ప్రవాహమున కొట్టుకొనివచ్చి వీనిని చేరెను. తరువాత సముద్రపు దొంగలును, తిమింగలముల వేటగాండ్రును ఇచ్చటికి వచ్చుచుండిరి. గాలాపాగో అనగా స్పానిషు భాషలో తాబేలు. ఇచ్చటి పెనుతాబేళ్లు మేతయు నీరును లేకయే మాసములతరబడి బ్రతుకును. అదియే వాని పాలిటి శాపమయ్యెను. నావికులు వానిని సజీవముగా ఓడ అడుగున పేర్చుకొని మాంసమునకై కొనిపోయెడివారు.

డార్విన్‌కు అచ్చట అంతయు వింతయే. మనుష్యుని చూచి పక్షులు బెదరవు. కొమ్మపై నున్న గ్రద్దను అతడు తుపాకిగొట్టముతో త్రోసెను. తాబేలుపై కూర్చుండి స్వారి చేయబోయి పట్టు తప్పెను. ఉడుమువంటి నల్లని ఇగువానాలు సముద్రములో మునిగి నాచు మేయుచుండెను. అందొకదానిని పలుమారులు నీటిలోనికి విసరివేయగా, అది ప్రతిపర్యాయమును తిన్నగా అతడున్న చోటికే తిరిగి వచ్చెను.

అక్కడి ఉపపాలకుడగు లాసన్ ఒక సంగతి తెలిపెను. తాబేలును చూచినంతనే అది ఏ దీవిదో తాను చెప్పగలనని అతడనెను. ఇంతకంటె విలువైన మాట డార్విన్ ఆ యాత్రలో విని యుండడు. అయినను దానిని లక్ష్యపెట్టలేదు. చిన్న పక్షులను సేకరించెనే గాని, ఏది ఏ దీవిదో చాలవానికి వ్రాసి యుంచలేదు. ఒక్క మాకింగ్‌బర్డ్ పక్షులకు మాత్రమే దీవుల పేర్లు గుర్తించెను. ఓడలోని తాబేళ్లను దారిలో వండుకొని తిని, చిప్పలను సముద్రములో పారవేసిరి. అతడు అచ్చట గడపినది అయిదు వారములే.

1837 జనవరిలో లండనునందు గూల్డ్ అను పక్షిశాస్త్రవేత్త ఆ చిన్న పక్షులను పరీక్షించెను. వేరువేరు కుటుంబములవని డార్విన్ భ్రమించినవి నిజమునకు ఒకే కుటుంబమునకు చెందిన ఫించ్ పక్షులని తేల్చెను. ముక్కులు మాత్రము వేరు. కొన్నిటివి గింజలు పగులగొట్టునట్టి లావు ముక్కులు, కొన్నిటివి పురుగులను పట్టునట్టి సన్నని ముక్కులు. ఏ పక్షి ఏ దీవిదో ఇప్పుడు కావలసి వచ్చెను! డార్విన్ సిగ్గుపడక ఓడ కప్తాను ఫిట్జ్‌రాయ్‌ను, తోడివారిని అడిగి వారి సేకరణలను తెప్పించుకొనెను. అతని సేవకుడగు కోవింగ్‌టన్ తన పక్షులకు దీవుల పేర్లు వ్రాసియుంచుకొనెను. యజమానుడు మరచిన పనిని సేవకుడు చేసెను.

ఒకే మూలమునుండి వచ్చిన ప్రాణులు దీవి దీవికిని మారుచు వేరు జాతులైనవను తలంపు డార్విన్‌లో బలపడెను. ఈసారి అతడు తొందరపడలేదు. రోగపీడితుడై యుండియు పావురములను పెంచి చూచెను. ఎనిమిదేండ్లు సముద్రపు రాళ్లకంటుకొను బార్నకిల్ ప్రాణులనే శోధించెను. 1858లో మలయా ద్వీపములనుండి వాలెస్ అను పరిశోధకుడు అదే భావమును వ్రాసి పంపగా, ఇద్దరి వ్యాసములును ఒకే సభలో చదువబడెను. జాతుల ఉత్పత్తిని గూర్చిన డార్విన్ గ్రంథము 1859 నవంబరు 24వ తేదీన వెలువడెను. అతడు 1882 ఏప్రిల్ 19వ తేదీన మరణించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో అతనిని ఖననము చేసిరి.

అతడు మరల ఆ దీవులకు పోలేదు. లాసన్ నివసించిన ఫ్లోరియానా దీవిలోని తాబేళ్లు డార్విన్ జీవితకాలముననే అక్కడ కనుమరుగైనవి. 1959లో ఈక్వెడార్ ప్రభుత్వము ఆ దీవులను జాతీయ వనముగా ప్రకటించెను. నేడు యాత్రికులు మార్గదర్శకుని వెంట, గుర్తించిన బాటలలోనే నడువవలెను. పింటా దీవి తాబేళ్లలో కడపటిదైన జార్జి 2012 జూన్ 24వ తేదీన మరణించెను. ఇగువానాలు మాత్రము ఇప్పటికిని నల్లని రాళ్లపై ఎండ కాచుకొనుచు, దగ్గరకు వచ్చిన యాత్రికుని చూచి కదలవు.