నరములు, కీళ్లు: డాక్టర్ షార్కో జీవితము

నొప్పి మనకు శత్రువని మనమందరము తలంతుము. నొప్పి అంతగా లేకుండనే నాశనమగు కీళ్లను కనిపెట్టి, వాటి మూలము నరములలో నున్నదని తెలిపిన ఒక వైద్యుని గూర్చి మేము ఇక్కడ క్లుప్తముగా వ్రాయుచున్నాము.

జీన్ మార్టిన్ షార్కో 1825 నవంబరు 29న పారిస్ నగరములో, బండ్లు తయారుచేయు వాని యింట జన్మించెను. 1862లో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో వైద్యుడుగా నియమింపబడెను. పూర్వము తుపాకిమందు చేసిన ఆ స్థలములో దిక్కులేని వృద్ధ స్త్రీలు, దీర్ఘరోగులు వేల సంఖ్యలో నుండిరి. ఆయన వారిని సంవత్సరముల తరబడి పరీక్షించి, మరణానంతరము వెన్నుపామును, ఎముకలను శోధించి, మునుపు చూచిన లక్షణములతో పోల్చుచుండెను.

టేబీస్ అను వెన్నుపాము వ్యాధి గలవారిలో కొందరికి మోకాలు హఠాత్తుగా వాచి, కీలు వదులై, ఎముక అరిగిపోవుట ఆయన గమనించెను. వింత యేమనగా, రోగికి నొప్పి అంతగా తెలియదు. ఇది సాధారణ కీళ్లవాతము కాదని, నరముల వ్యాధివలన కలిగినదని 1868లో ప్రకటించెను. 1881లో లండను వైద్య మహాసభలో సర్ జేమ్స్ పాజెట్ ఈ వ్యాధికి షార్కో పేరే పెట్టెను. అయితే టేబీసుకు మూలము సవాయి రోగమని షార్కో ఒప్పుకొనలేదు. తరువాత అదే నిజమని తేలెను. 1893 ఆగస్టు 16న ఆయన మరణించెను.

1936లో జోర్డన్ అను వైద్యుడు మధుమేహ రోగిలోను ఇట్టి కీలును వర్ణించెను. నేడు ఈ వ్యాధి ఎక్కువగా మధుమేహము గలవారి పాదములలోనే కనబడుచున్నది. స్పర్శ తగ్గిన పాదము బెణికినను తెలియదు గనుక రోగి నడచుచునే యుండును. ఎముకలు మెత్తబడి విరుగును, పాదపు వంపు కూలును. పుండుపడి చీముపట్టినచో కాలు తీసివేయవలసి రావచ్చును.

ఒక పాదము ఎర్రబడి, వాచి, రెండవదానికంటె వేడిగా నుండుట దీని గుర్తు. చీము అనియో, గౌట్ అనియో పొరబడుట కలదు. మొదట ఎక్స్‌రేలో ఏమియు కనబడకపోవచ్చును, అప్పుడు ఎం.ఆర్.ఐ. తోడ్పడును. చికిత్స యేమనగా, పాదముపై బరువు మోపక, కాలికి అంటియుండు పిండికట్టు వేయించుకొని, రెండు పాదముల వేడి సమానమగు వరకు ఓర్చుకొనుటయే. ఇందుకు తరచు కొన్ని నెలలు పట్టును. తరువాత ప్రత్యేకమైన చెప్పులు ధరింపవలెను. కొందరికి శస్త్రచికిత్స అవసరమగును.

మధుమేహము గల ప్రియ చదువరులారా, మా విన్నపమొక్కటే. ప్రతిదినము ఇంటివారిచేత మీ రెండు పాదములను తాకించి చూడుడి. నొప్పి లేదుగదా అని ఊరకుండక, వాపు, వేడి కనబడిన వెంటనే నడక మాని వైద్యునికి చూపుడి.