బాలురకు మృత్యువును దాచని భక్తకవి పోతన

ఇంట తాతగారు పరమపదించిన దినమున పసివాడు ఆయన ఎచ్చటికి పోయెనని అడుగును. ఊరికి వెళ్ళెనని పెద్దలు చెప్పుదురు. ఆ బిడ్డ నాలుగు దినములు వీథి గుమ్మమువైపు చూచి, పిమ్మట అడుగుట మానును. ప్రేమచేత చెప్పినదైనను అది అసత్యమే. తెలుగువారి ఇండ్లకు భాగవతమును తెచ్చిన బమ్మెర పోతనామాత్యుడు ఈ త్రోవ త్రొక్కలేదు.

పోతన 15వ శతాబ్దివాడు. నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలమునందలి బమ్మెర ఆయన గ్రామము. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. శైవభక్తి గల కుటుంబము. తొలినాళ్ళలో వీరభద్ర విజయము రచించెను; భోగినీ దండకమును ఆయనదే యందురు. ఒక చంద్రగ్రహణమునాడు గంగాస్నానము చేసి, ఇసుకతిన్నెపై మహేశ్వరుని ధ్యానించుచుండగా శ్రీరామచంద్రుడు దర్శనమిచ్చి, భాగవతమును తెనిగింపుమని ఆనతిచ్చెనని తన గ్రంథమున తానే వ్రాసికొనెను.

రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు ఆ కావ్యమును కోరగా పోతన ఈయలేదని, సేద్యము చేసికొని బ్రదికెనని ఐతిహ్యము. ఐతిహ్యము మాట ఎట్లున్నను, కారణమును కవి అవతారికలో స్పష్టముగనే చెప్పెను. రాజులిచ్చు ఊళ్ళకును ధనమునకును ఆశపడినచో దేహము విడిచిన పిదప కాలుని యెదుట నిలువవలసి వచ్చునని ఆయన తలంచెను. మృత్యువును ఎదుట పెట్టుకొనియే ఆయన ఘంటము పట్టెను.

సప్తమస్కంధమున హిరణ్యాక్షుడు శ్రీహరిచే హతుడు కాగా హిరణ్యకశిపుడు తల్లియైన దితిని, సోదరుని భార్యను, బిడ్డలను చేరబిలిచి ఓదార్చును. అతడు చెప్పినది సుయజ్ఞుని కథ. ఉశీనరదేశపు రాజు సుయజ్ఞుడు యుద్ధమున కూలెను. రాణులు ఆ కళేబరమును కౌగిలించుకొని, దహనమునకు ఈయక ప్రొద్దు గ్రుంకువరకు విలపించిరి. అప్పుడు యముడే బాలుని రూపమున వచ్చెను. లోకము చూచిన పెద్దలు ఇట్లు ఏడ్చుట వింతగా నున్నదనెను. తల్లిదండ్రులు విడిచిన తనవంటి పసివానిని తోడేళ్ళు తినకుండుటకు గర్భమున కాచిన వాడే కారణమనెను. వేటకాని వలలో చిక్కిన ఆడుపక్షికై, రెక్కలు రాని పిల్లలకై ఏడ్చుచు, తనపై గురిపెట్టిన బాణమును గుర్తింపని మగపక్షి కథ వినిపించెను. బంధువులు తెలివొంది ఉత్తరక్రియలు జరిపిరి, బాలుడు అంతర్ధానమయ్యెను.

దుఃఖించువారికి నిజము చెప్పుటకు పసివాని నోరే తగినదని తోచును. మూలము వ్యాసునిదే, అయినను పోతన తెలుగులో ఆ బాలుని పలుకు మన ఇంటి బిడ్డ పలుకువలె వినబడును. ఇంత చక్కగా చెప్పిన హిరణ్యకశిపుడు వెంటనే మందరగిరికి పోయి చావులేని వరమునకై తపస్సునకు కూర్చుండెను! పిల్లలకు చెప్పుట సులభము, తాము నమ్ముట కష్టము.

అతని కుమారుడు ప్రహ్లాదుడు మాత్రము నమ్మి చెప్పెను. గురువులు ఇంటిపనులకై పోయిన సమయమున తోడి బాలురు ఆటకు పిలువగా, అతడు వారిని కూర్చుండబెట్టి లెక్క చెప్పెను. నూరేండ్లలో సగము రాత్రుల పాలు, ఇరువదియేండ్లు బాల్యపు పాలు, మిగిలిన ముప్పది కోరికల పాలు. ఆ లెక్క విని రాక్షసబాలురు బెదరలేదు; గురువుల చదువు విడిచి హరిభక్తిని పట్టిరి. భయపడినది గురువులే.

దశమస్కంధమున దేవకి తన చనిపోయిన ఆరుగురు బిడ్డలను చూడగోరెను. శ్రీకృష్ణుడు వారిని సుతలమునుండి తెచ్చెను. తల్లి చన్నిచ్చి మురిసెను. కాని ఆ బిడ్డలు ఆమెకడ నిలువలేదు. శాపముక్తులై తమ లోకమునకు పోయిరి. భగవంతుడే తెచ్చినను వెళ్ళవలసినవారు వెళ్ళిరి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఈ ఘట్టమును ఒక్కసారియైనను వినవలెను.

పోతన భాగవతమున కొన్ని భాగములు నేడు ఆయన రచనగా లేవు. పంచమస్కంధమును గంగన, షష్ఠమును ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయ పూరించిరి. నారయ ఆయన శిష్యుడని చెప్పుదురు. శ్రీకృష్ణుడు అవతారము చాలించుటయు, ఏడు దినములు కథ విన్న పరీక్షిత్తు దేహము విడుచుటయు ఆ చివరి స్కంధములలోనివే. అవి తెలుగువారికి శిష్యుని చేతిమీదుగా అందినవి.