ఇంజనీరు కాబోయి... (సెర్గీ ఐసెన్‌స్టీన్ జీవితం)

బి.ఎస్సీ. చదివేవాడికి సినిమా సిద్ధాంతాలతో ఏం పని అని మా హాస్టల్లో అడగనివాడు లేడు. సినిమా చూడటం ఉంటుంది గాని సినిమాను చదవటం కూడా ఒకటుంటుందని మొన్న సంక్రాంతి దాకా మా నాన్నతో అనే ధైర్యం నాకూ లేదు. లైబ్రరీలో ఫిజిక్సు పుస్తకం వెతుకుతూ పొరపాటున పక్క బీరువాలోంచి 'ఫిల్మ్ ఫారం' అనే పాత పుస్తకం తీశాను. మొదటిసారి చదివితే అర్థమైంది పావు వంతే. కానీ రాసిన మనిషి కూడా తండ్రి నడిచిన దారిలో సైన్సు చదువుకు పోయినవాడని తెలిశాక పుస్తకం తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

సెర్గీ ఐసెన్‌స్టీన్ 1898 జనవరి 22న రీగా నగరంలో పుట్టాడు. అప్పుడది రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు లాత్వియా రాజధాని. తండ్రి మిఖాయిల్ పేరు మోసిన ఇంజనీరు, భవనశిల్పి. ఆయన గీసిన మేడలు ఆ ఊరి ఆల్బర్ట్ వీధిలో ఈనాటికీ ఉన్నాయి. తల్లిదండ్రులకు పొసగలేదు, విడిపోయారు. కొడుకు 1915లో పెట్రోగ్రాడ్ వెళ్ళి సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. రెండేళ్ళకే విప్లవం వచ్చిపడింది. 1918లో చదువు వదిలి ఎర్రసైన్యంలో చేరాడు. తండ్రేమో అవతలి పక్షం. ఓడిపోయినవాళ్ళతో పాటు జర్మనీ చేరి, బెర్లిన్‌లోనే కన్నుమూశాడు. ఒకే ఇంట్లోంచి ఇద్దరూ చెరో దారి పట్టారు.

సైన్యంలో అతనికి అప్పగించింది రక్షణ కట్టడాల పని. ఆ తర్వాత నాటకాలకు తెరలు, రంగాలు గీశాడు. మధ్యలో జపాను భాష పట్టుకున్నాడు. ఇక్కడే అసలు సంగతి ఉంది.

జపాను వాళ్ళు వాడే చైనా లిపిలో కుక్క గుర్తూ, నోటి గుర్తూ పక్కపక్కన పెడితే మొరగటం అని అర్థం వస్తుందట. నీళ్ళూ, కన్నూ కలిస్తే ఏడవటం. కత్తీ, గుండే కలిస్తే దుఃఖమని ఐసెన్‌స్టీన్ చెప్పాడు. రెండూ కంటికి కనిపించే వస్తువులే, కలిస్తే వచ్చేది మాత్రం కంటికి కనిపించని భావం. సినిమాలో రెండు షాట్లు కలిపితే జరిగేది కూడా ఇదేనని ఐసెన్‌స్టీన్ 1929లో రాశాడు. మా భాషలో చెప్పాలంటే, హైడ్రోజన్‌కు మండే గుణం ఉంది, ఆక్సిజన్‌కు మండించే గుణం ఉంది, కలిస్తే మాత్రం నిప్పు ఆర్పే నీళ్ళు.

ఈ ఆలోచనకు అతనికంటే ముందు కూలెషోవ్ అనే ఆయన పునాది వేశాడు. ఒక నటుడి ముఖాన్నే ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన చూపిస్తే, జనం ఆ ముఖంలో ఒకసారి ఆకలీ, ఒకసారి దుఃఖమూ చూశారట. పుడోవ్కిన్ అయితే షాట్లను ఇటుకల్లా పేర్చాలన్నాడు. ఐసెన్‌స్టీన్ ఒప్పుకోలేదు, షాట్లు ఢీకొనాలన్నాడు. ఆ ఢీకొనటాన్ని, అంటే మాంటేజ్‌ని, అయిదు రకాలుగా విడగొట్టాడు. షాటు పొడవు లెక్కగట్టి కత్తిరించే మొదటి రకం నాకు చప్పున ఎక్కింది. మిగతా వాటికి పరీక్షల్లో మార్కులు పడతాయని నేను హామీ ఇవ్వలేను.

1925లో తీసిన 'బాటిల్‌షిప్ పోటెమ్కిన్'ను మా ఫిల్మ్ క్లబ్ వాళ్ళు సెమినార్ హాల్లో వేశారు. ఒడెస్సా మెట్ల మీద సైనికులు వరసగా దిగుతూ జనాన్ని కాల్చటం, తల్లి చేయి జారిన చంటిపిల్లవాడి బండి దొర్లుకుంటూ పోవటం. హాలంతా నిశ్శబ్దం. తర్వాత తెలిసిందేమంటే, 1905లో ఒడెస్సాలో కాల్పులు జరిగినమాట నిజమే గాని, ఆ మెట్ల మీద ఆ విధంగా ఊచకోత జరిగిందనటానికి ఆధారం లేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ల్యాబ్‌లో తీయని రీడింగు రికార్డులో రాస్తే మా మాస్టారు పేజీ కొట్టేస్తారు. ఇతను రాసిన రీడింగును మాత్రం లోకమంతా చరిత్రగా నమ్మింది.

నాకు దగ్గరైన సినిమా 1929 నాటి 'పాతా కొత్తా'. మూగ సినిమాయే. పల్లెటూళ్ళో ఇద్దరు అన్నదమ్ములు వేరుపడతారు. ఎలాగ? కర్ర ఇంటిని నడిమికి రంపంతో కోసేస్తారు. మా నాన్న, మా పెదనాన్న పొలం పంచుకున్న రోజు నాకు గుర్తుంది. గట్టు మీద రాళ్ళు పాతేటప్పుడు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. రష్యాలో తీసిన ఆ బొమ్మకు నాకు తర్జుమా అక్కర్లేకపోయింది. కథానాయిక మార్ఫా లాప్కినా నటి కాదు, నిజంగానే పల్లె మనిషి. గుర్రం లేక ఆవునే నాగలికి కట్టి దున్నుతుంది. తర్వాత ఊరికి పాలలో మీగడ విడదీసే యంత్రం వస్తుంది. అందరూ అనుమానంగా చూస్తారు. చుక్క పడుతుందా, పడదా? ఒక ముఖం, గొట్టం అంచు, ఇంకో ముఖం, మళ్ళీ గొట్టం అంచు. మా ఊరి పాలకేంద్రం ముందు క్యూలో నిలబడ్డవాణ్ణి కాబట్టి, ఆ చుక్క కోసం నేనూ ఊపిరి బిగబట్టాను.

కానీ రైతు బిడ్డగా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ ఏడాది చివర్లోనే అక్కడ రైతుల భూములనూ, పశువులనూ బలవంతంగా సమష్టి క్షేత్రాల్లో కలపటం జోరందుకుంది. 1932-33 కరువులో ధాన్యం పండించినవాళ్ళే లక్షలాదిగా చనిపోయారు. సినిమాలో కొత్త రోజులన్నీ మీగడలాగే పొంగుతాయి. స్టాలిన్ చెప్పినందుకు ముగింపు కూడా మార్చారు.

అతనికి దక్కిందీ అంతంతమాత్రమే. 1930లో హాలీవుడ్ పిలిచింది, ఒక్క సినిమా కూడా తీయనివ్వలేదు. మెక్సికోలో వేల అడుగుల ఫిల్ము తీస్తే అది అతని చేతికి రానేలేదు. 1937లో 'బెజిన్ మేడో' మధ్యలో ఆపేశారు. అది సమష్టి క్షేత్రం గొడవలో రైతు తండ్రి కన్నకొడుకునే చంపే కథ. సినిమా ఆగింది చాలక, తప్పంతా నాదేనని అచ్చులో ఒప్పుకోవలసి వచ్చింది. పిరికితనమనిపించింది మొదట. కానీ గురువు మేయర్‌హోల్డ్‌ను అరెస్టు చేసి 1940లో కాల్చి చంపాక, ఆయన కాగితాలను తన ఇంట్లో దాచి కాపాడినవాడూ ఇతనే. అందుకే తొందరపడి తీర్పు చెప్పలేను.

ఈ రోజుల్లోనే మాస్కో సినిమా సంస్థలో పాఠాలు చెప్పాడు. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన సైనికుడికి భార్య చేతిలో పరాయివాడి బిడ్డ కనిపించింది, ఎటునుంచి రావాలి, ఎక్కడ ఆగాలి? ఒక్క సన్నివేశం మీద రోజుల తరబడి, లెక్క చేసినట్టు, అంచెలంచెలుగా విద్యార్థుల చేతే చెప్పించేవాడు. అలాంటి క్లాసులో ఒక్కరోజు కూర్చుంటే చాలుననిపిస్తుంది. మన దేశంలో పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పిన రిత్విక్ ఘటక్ మీద కూడా ఇతని ప్రభావం ఉంది.

1946 ఫిబ్రవరిలో గుండెపోటు వచ్చింది. అదే ఏడు 'ఇవాన్ ది టెరిబుల్' రెండో భాగాన్ని నిషేధించారు. అది 1958లో గాని విడుదల కాలేదు. 1948 ఫిబ్రవరి 11న చనిపోయేనాటికి అతనికి యాభై ఏళ్ళు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు, అరుగు మీద కూర్చుని ఆ ఇల్లు కోసే సీను మా నాన్నకు ఫోన్లో చూపించాను. ఆయన రెండుసార్లు చూశాడు. చూసి, రంపం పట్టిన ఇద్దరిలో పెద్దవాడెవడని అడిగాడు.