ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్

ఎడ్వర్డ్ అలెగ్జాండర్ వెస్టర్‌మార్క్ (1862 నవంబర్ 20 – 1939 సెప్టెంబర్ 3) ఫిన్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ సామాజిక శాస్త్రవేత్త, తత్వవేత్త. ఒక పురుషుడు ఒకే స్త్రీతో కాపురం చేయడం మానవునికి ప్రకృతిసిద్ధమైన గుణమా, లేక సమాజం తరువాతి కాలంలో విధించిన కట్టుబాటా అనే ప్రశ్నకు జీవశాస్త్ర దృష్టితో సమాధానం వెదకిన తొలి తరం పండితులలో ఇతడు ముఖ్యుడు. 1891లో వెలువడిన ఇతని "ది హిస్టరీ ఆఫ్ హ్యూమన్ మ్యారేజ్" (మానవ వివాహ చరిత్ర) అప్పటి విద్వాంసులలో బలంగా నాటుకొన్న ఒక సిద్ధాంతాన్ని తలక్రిందులు చేసింది. వివాహ వ్యవస్థ గురించి జీవితమంతా వ్రాసిన ఇతడు ఆజన్మ బ్రహ్మచారి.

బాల్యం, విద్యాభ్యాసం

వెస్టర్‌మార్క్ హెల్సింకి నగరంలో స్వీడిష్ భాష మాట్లాడే కుటుంబంలో జన్మించాడు. అప్పట్లో ఫిన్లాండు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. చిన్ననాట ఉబ్బసంతో బాధపడేవాడు. అక్క హెలెనా వెస్టర్‌మార్క్ చిత్రకారిణిగా, రచయిత్రిగా పేరు గడించింది. హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో ఇతనికి జర్మన్ ఆదర్శవాద తత్వం రుచించలేదు. మిల్, స్పెన్సర్ వంటి ఆంగ్ల తత్వవేత్తల వైపు, వారి తరువాత డార్విన్ వైపు మనసు మళ్ళింది. 1887లో లండన్ వెళ్ళి బ్రిటిష్ మ్యూజియం పఠన మందిరంలో ప్రపంచ జాతుల ఆచారాలపై సమాచారం సేకరించసాగాడు.

వివాహ చరిత్ర

ఆదిమ మానవులకు వివాహమనేదే లేదని, స్త్రీపురుషులు విచ్చలవిడిగా కలిసి జీవించేవారని, ఏకపత్నీత్వం నాగరికత ముదిరిన తరువాత వచ్చిన ఫలమని ఆనాటి పండితులలో చాలామంది నమ్మేవారు. బాకోఫెన్ (1861), మెక్‌లెనన్ (1865), లూయీ హెన్రీ మోర్గాన్ (1877) రచనలు ఈ నమ్మకానికి పునాదులు. మోర్గాన్ వాదానికి మన భాష కూడా సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. 1871లో అతడు ప్రచురించిన బంధుత్వ పట్టికలలో తమిళంతో పాటు తెలుగు వరుసలు కూడా ఉన్నాయి. తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న కావడం, తల్లి అక్క పెద్దమ్మ కావడం, వారి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే కావడం వంటి వరుసలు పూర్వపు సమూహ వివాహాల అవశేషాలని మోర్గాన్ ఊహ. ఏంగెల్స్ 1884లో వ్రాసిన కుటుంబ చరిత్రకు ఈ ఊహే ఆధారం.

వెస్టర్‌మార్క్ కూడా మొదట ఈ సిద్ధాంతాన్ని నమ్మినవాడే. దానికి మరిన్ని ఆధారాలు చేకూర్చాలనే పని మొదలుపెట్టాడు. కాని సేకరించిన సమాచారమే అతనికి అడ్డం తిరిగింది. విచ్చలవిడిగా జీవిస్తారని యాత్రికులు వర్ణించిన జాతులలో, ఆ వర్ణనలను నిశితంగా పరిశీలిస్తే, కుటుంబాలు కనిపించాయి. వరుసల పేర్లు వయసును, గౌరవాన్ని, కలిసి బ్రతికే తీరును తెలిపే పిలుపులే గాని కన్నతండ్రి ఎవరో తెలియని కాలపు గుర్తులు కావని అతడు వాదించాడు. పినతండ్రిని నాన్న అని పిలిచే పిల్లవానికి తన తండ్రి ఎవరో తెలియకపోడు కదా!

మానవ శిశువు చాలాకాలం నిస్సహాయంగా ఉంటుంది కనుక తల్లికి తోడుగా తండ్రి నిలిచిన సంతానమే బ్రతికి బట్టకట్టిందని, ఆ గుణమే తరతరాలుగా నిలిచిందని ఇతని ప్రధాన ప్రతిపాదన. అందుచేత కుటుంబం వివాహం నుండి పుట్టలేదు, వివాహమే కుటుంబం నుండి పుట్టింది. పురుషుని ఈర్ష్య కూడా విశృంఖల జీవనానికి అడ్డని డార్విన్ బాటలో వాదించాడు. బహుభార్యాత్వాన్ని అనుమతించే జాతులలో సైతం ఎక్కువమంది పురుషులకు ఒక్క భార్యే ఉంటుందని ఎత్తి చూపాడు. ఈ గ్రంథానికి ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పరిచయ వాక్యాలు వ్రాశాడు. 1921 నాటి ఐదవ కూర్పు మూడు సంపుటాలకు పెరిగింది.

ఈ వాదంలో బలహీనమైన భాగం వానరాలకు సంబంధించినది. గొరిల్లా మొదలైనవి జంటలుగా, చిన్న కుటుంబాలుగా జీవిస్తాయని నాటి వేటగాళ్ళు, యాత్రికులు చెప్పిన మాటలను ఇతడు నమ్మాడు. తరువాతి పరిశోధనలలో గొరిల్లా మగది సాధారణంగా అనేక ఆడవాటితో ఉంటుందని, చింపాంజీలలో స్థిరమైన జంటలే ఉండవని తేలింది. జంట కట్టేవి గిబ్బన్లు మాత్రమే.

నీతి, మొరాకో, స్వదేశం

1898లో మొరాకో వెళ్ళిన వెస్టర్‌మార్క్ అక్కడి భాష నేర్చుకొని, పలు దఫాలుగా కొన్నేళ్ళపాటు పల్లె ప్రజల మధ్య గడిపాడు. అక్కడి పెళ్ళి తంతులపై 1914లోను, ఆచార విశ్వాసాలపై 1926లోను గ్రంథాలు వెలువరించాడు. పుస్తకాలలో చదివి సిద్ధాంతాలు అల్లే రోజులలో ఇది అరుదైన పని. 1906–08లో వచ్చిన రెండు సంపుటాల నీతి భావాల చరిత్రలో, మంచిచెడ్డల తీర్పులకు మూలం మనిషి భావావేశాలే గాని సార్వకాలిక సత్యాలు కావని ప్రతిపాదించాడు.

1899లో రష్యా చక్రవర్తి ఫిన్లాండు హక్కులను కుదించినపుడు, ఐరోపా ప్రముఖుల సంతకాలతో నిరసన పత్రం సిద్ధం చేయడంలో పాల్గొన్నాడు. చక్రవర్తి దానిని స్వీకరించలేదు. 1907 నుండి 1930 వరకు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యునిగా పనిచేశాడు. అక్కడ ఇతని శిష్యులలో మలినోవ్‌స్కీ పేర్కొనదగినవాడు. 1918లో తుర్కులో ప్రారంభమైన స్వీడిష్ విశ్వవిద్యాలయం ఓబో అకాడమీకి వెస్టర్‌మార్క్ తొలి రెక్టరు. బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించిన రోజే ఫిన్లాండులో మరణించాడు.

మరణానంతరం

నేడు ఇతని పేరు ఎక్కువగా వినిపించేది "వెస్టర్‌మార్క్ ప్రభావం" వలన. పసితనం నుండి ఒకే ఇంట పెరిగిన వారి మధ్య కామభావన కలుగదని, వావివరుసల నియమాలకు అదే మూలమని అతడు 1891లోనే చెప్పాడు. ఫ్రాయిడ్ దీనిని తిరస్కరించాడు. సహజంగా విముఖత ఉంటే నిషేధం ఎందుకని అతని ప్రశ్న. ఆ తరువాత చాలాకాలం ఫ్రాయిడ్ మాటే చెల్లింది. 1971లో షెఫర్ ఇజ్రాయెల్ కిబ్బుట్జులలో 2769 పెళ్ళిళ్ళను పరిశీలించగా, మొదటి ఆరేళ్ళూ ఒకే పిల్లల గుంపులో పెరిగిన జంట ఒక్కటీ కనబడలేదు. తైవానులో కోడలిగా చేసుకోవడానికి పసిబిడ్డను తెచ్చి పెంచే ఆచారం ఉండేది. అటువంటి పెళ్ళిళ్ళలో సంతానం తక్కువ, విడాకులు ఎక్కువ అని ఆర్థర్ వుల్ఫ్ నిరూపించాడు.

ఏకపత్నీత్వంపై తీర్పు అంత సూటిగా రాలేదు. మర్డాక్ సంకలనం చేసిన 1200కు పైగా సమాజాలలో బహుభార్యాత్వాన్ని అంగీకరించనివి 186 మాత్రమే. స్త్రీ పురుషుల శరీర పరిమాణంలో తేడా గొరిల్లాలలో కంటే మానవులలో చాలా తక్కువ కావడం జంట జీవనానికి అనుకూలమైన సాక్ష్యం. ఆ తేడా గిబ్బన్లలో వలె పూర్తిగా లేకపోకపోవడం ప్రతికూల సాక్ష్యం. ఆదిమ విశృంఖలత్వ సిద్ధాంతం మాత్రం తన పూర్వపు స్థానాన్ని తిరిగి పొందలేదు.

తెలుగువారి మేనరికాలు వెస్టర్‌మార్క్ ప్రభావానికి విరుద్ధంగా తోచవచ్చు. కాని మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు సాధారణంగా వేరే ఇంట, తరచు వేరే ఊళ్ళో పెరిగేవారు. ఉమ్మడి కుటుంబంలో ఒకే కప్పు క్రింద పెరిగే పెదనాన్న, చిన్నాన్న పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరుస కావడం వలన వారి మధ్య పెళ్ళి నిషిద్ధం.